నడుము వంగిన మూడు సెకన్లు

నా పేరు వెనింగ్. మా జావా మాటల్లో దానికి తేటగా, నిశ్శబ్దంగా ఉండేది అని అర్థం. అలాంటి పేరున్న మనిషిని పట్టుకుని ఆ ఏడు వానాకాలమంతా గట్టిగా అరవమన్నారు. అరవలేకపోతే ఒక విమానం పోతుంది, నలభైమంది ఉద్యోగాలు పోతాయి, మా ఇంట్లో అయితే రెండు జీతాలూ ఒకేసారి పోతాయి.

ఆ విమానం మా సోలో ఊరి విమానాశ్రయంలో ఓ మూల షెడ్డు ముందు వానలో తడుస్తూ ఉండేది. రెండు ఫ్యాన్ల చిన్న విమానం. తోక మీద ప్రెంజాక్ పిట్ట బొమ్మ. ఆ పిట్ట వాకిట్లో కూస్తే చుట్టాలొస్తారని మా వైపు నమ్మకం. పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడని చిన్న దీవులకి జనాన్ని చేరవేద్దామని కెప్టెన్ హందోకో పెట్టిన కంపెనీకి అందుకే ప్రెంజాక్ అని పేరు. పేరు కుదిరింది, బొమ్మ కుదిరింది, యూనిఫారాలు కుట్టించుకున్నాం. ఎగరడానికి సర్కారు అనుమతి మాత్రం రాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు అన్నట్టుండేది మా వ్యవహారం.

వారానికోసారి ఇంజన్లు తిప్పి, విమానాన్ని ఓ గజం ముందుకి, ఓ గజం వెనక్కి జరిపి మళ్ళీ కట్టేసేవాళ్ళు. ఒకే చోట నిలబడితే టైర్లు చదునైపోతాయట. ఆ గజం ప్రయాణం చూడటానికి పనిలేనివాళ్ళం కూడా గొడుగులేసుకుని వెళ్ళేవాళ్ళం.

మా ఆయన ప్రసోజో పెద్ద కంపెనీలో మెకానిక్ ఉద్యోగం వదిలేసి ఇక్కడ మాన్యువళ్ళు రాయడానికి చేరాడు. విమానం ఎలా నడపాలి, ఎలా కడగాలి, పైలటుకి తలనొప్పొస్తే ఎవరికి చెప్పాలి, అన్నీ రాసి రాజధానికి పంపాలి. విమానయాన శాఖ వాళ్ళు తీరిగ్గా మీనమేషాలు లెక్కపెట్టి, ఎర్ర గీతలు గీసి తిప్పి పంపేవారు. అలా పదకొండుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి 'తప్పక' అని ఉండాల్సిన చోట 'వీలైతే' అని ఉందట. మా ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. ఫోను మోగినా ఉలిక్కిపడేవాడు, మోగకపోయినా ఉలిక్కిపడేవాడు.

పన్నెండోసారి కాగితాలు గట్టెక్కాయి. మిగిలింది పరీక్షలు. విమానం అద్దెకిచ్చిన విదేశీ కంపెనీ అప్పటికే ఉత్తరం రాసింది. రంజాన్ ఉపవాసాల నెల మొదలయ్యేలోపు అనుమతి రాకపోతే విమానం తీసుకెళ్ళి వేరే దేశంలో ఎవరికో ఇచ్చేస్తామంది. పండుగకి ఊళ్ళకెళ్ళే జనంతోనే మా కంపెనీ నిలబడాలి. ఆ పండుగ దాటితే మాకిక పండుగ లేదు.

ఇక నేను. అంతకుముందు బాతిక్ అద్దకం బట్టల కొట్లో పనిచేసేదాన్ని. కెప్టెన్ హందోకో వాళ్ళావిడతో కొట్టుకొచ్చి, నేను మాట్లాడుతుంటే విని, "ఈ గొంతు వింటే ప్రయాణికులకి భయమెయ్యదు" అని విమానంలో పనికి తీసుకున్నాడు. ఆ గొంతే తర్వాత ఆయన కొంప ముంచుతుందని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

మా అత్తగారు సుమిర్తికి మాత్రం ముందునుంచీ ఇష్టం లేదు. ఆవిడ ముప్పైరెండేళ్ళు బడిలో జావా భాష చెప్పింది. మా భాషలో ఒకే మాటకి మూడు మెట్లుంటాయి. తోటివాళ్ళతో ఒకటి, తెలియనివాళ్ళతో ఒకటి, పెద్దవాళ్ళతో ఒకటి. మెట్టు తప్పి మాట్లాడితే ఆవిడ తిట్టదు. వినపడనట్టు ఊరుకుంటుంది. అది తిట్టుకన్నా పెద్ద శిక్ష. ఆ ఇంట్లో గట్టిగా పలికేది కుక్కర్ ఒక్కటే.

"ఆడపిల్ల అరవడానికి జీతమిస్తారా?" అంది నేను చేరిన రోజు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నా కోడలేమో ఇలా."

"రోజూ అరవం అమ్మా. నిప్పంటుకుంటేనే."

"అంటుకోకూడదనే కోరుకుంటాను. రెండు విధాలా."

మొదటి పరీక్ష జనవరి చివర్లో. ముగ్గురు అధికారులొచ్చారు. వాళ్ళలో పెద్దాయన దార్మాజీ. తెల్లజుట్టు, సన్నగా, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అచ్చం మా పెదనాన్న. పొద్దున నేను టీ ఇస్తే రెండు చేతులతో అందుకుని, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. నన్ను తిట్టే మనిషైతే ఎంత బాగుండేది అనిపించింది.

పరీక్ష చిన్నదే. విమానం నేల మీదే ఉంటుంది. విజిల్ వేస్తారు, దీపాలు ఆర్పేస్తారు. ముందున్న కుడి ఎడమ తలుపుల దగ్గర నేను, వెనక తలుపు దగ్గర గెందిస్ అనే అమ్మాయి. పదిహేను సెకన్లలో తలుపు తెరిచి, జనాన్ని బయటికి పంపడానికి సిద్ధమవ్వాలి. ఏ తలుపు అవతల నిప్పుందో ముందుగా చెప్పరు.

విజిల్ పడింది. ఎడమ తలుపు కిటికీలోంచి చూశాను. బయట ఎర్ర దీపం పట్టుకుని నిలబడ్డారు, అంటే నిప్పు. అటు కాదు, కుడివైపు తెరవాలి. తిరిగాను. రెండు తలుపుల మధ్య దార్మాజీగారు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు. భయంతో కొయ్యబారిపోయిన ప్రయాణికుడిలా నటిస్తున్నాడన్నమాట. నేను అరవాలి, నెట్టాలి, దాటాలి. ఏడు వారాలు నేర్చుకున్నదంతా అదే.

నా నడుము దానంతటదే వంగింది. కుడిచెయ్యి కిందికి చాచి, పెద్దల ముందునుంచి వెళ్ళేటప్పుడు మావాళ్ళంతా నడిచినట్టే ఒదిగి నడిచాను. "వెయ్యిసార్లు మన్నించండి" అన్నాను, మూడో మెట్టు మాటల్లో, బాతిక్ కొట్లో గొంతుతో.

ఆయన కూడా జావా వాడే కదా. వెంటనే ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి, "పరవాలేదు తల్లీ, వెళ్ళు" అన్నాడు.

తలుపు తెరుచుకునేసరికి పద్దెనిమిది సెకన్లు.

దీపాలు వెలిగాయి. ఆయన చేతిలో గడియారం చూసుకున్నాడు. తనూ నాతో పాటు మర్యాద చేశానని అప్పుడు తట్టినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. వెనక గెందిస్ తొమ్మిది సెకన్లలోనే తలుపు తీసేసింది పాపం. దాని గొంతు ఇంకా మోగుతూనే ఉంది. ఎవరూ ఆపమని చెప్పలేదు.

కెప్టెన్ హందోకో షెడ్డులోకి వెళ్ళి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, వానని చూస్తూ ఉండిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ సాయంత్రం నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండో అవకాశం ఇరవై రోజులకి ఇచ్చారు. మూడోది కావాలంటే పండుగ దాటాకే. ఈలోపు ఒక కాగితం నింపి పంపాలి. 'తప్పు జరగడానికి మూలకారణం' అని గడి. కాగితాలు రాసేది మా ఆయనే. భోజనాల బల్ల మీద అది పరిచి పెన్ను నములుతూ కూర్చున్నాడు. అత్తగారు కొబ్బరిపాల అన్నం వడ్డిస్తోంది.

"ఏం రాయను? నువ్వే చెప్పు," అన్నాడు.

"నా భార్య వంగింది అని రాయండి."

"ఎగతాళికి ఇదేనా సమయం?"

"ఎగతాళి కాదండీ. అదే కదా జరిగింది!"

చివరికి 'సిబ్బంది మర్యాద పాటించారు' అని రాసి పంపాడు. నాలుగు రోజులకి తిరిగొచ్చింది. ఎర్రసిరాతో, దార్మాజీగారి గుండ్రటి చేతిరాత: 'మర్యాద మూలకారణం కాదు. శిక్షణ లోపం అని రాయండి. లోపం ఎవరిదో, ఎలా సరిదిద్దుతారో రాయండి.'

"నాకు నేర్పింది కంపెనీ జకార్తానుంచి పిలిపించిన ట్రైనర్ ఆవిడ. ఆవిడ తప్పేముంది? చక్కగా నేర్పింది," అన్నాను.

"మరి ఎవరి పేరు రాయాలి?" మా ఆయన కాగితం విసిరికొట్టి, వెంటనే వంగి ఏరుకుని, చేత్తో మడతలు సాపు చేశాడు. అన్నం ముట్టకుండా గది లోపలికి, బయటికి తిరిగాడు. అత్తగారు కాగితం మీద ఆ ఎర్ర అక్షరాల్ని చాలాసేపు చదివింది. అక్షరదోషాలు వెతుకుతోందనుకున్నాను.

ఆ మర్నాటినుంచి నేను ఇంట్లోనే సాధన మొదలుపెట్టాను. షెడ్డులో సాధన చేసినప్పుడు బాగానే అరిచాను. నాతో నిలబడేవాళ్ళంతా నా ఈడువాళ్ళు. పెద్దవాళ్ళ నీడ పడే చోట అరవగలగాలి. మా ఇంటికన్నా అలాంటి చోటు ఇంకెక్కడుంది? హాలునుంచి వంటింటికి పోయే సన్నటి నడవలో మా ఆయన్ని అడ్డంగా నిలబెట్టి మొదలెట్టాను.

"బెల్టు విప్పు! సామాన్లు వదిలెయ్! బయటికి! బయటికి! దూకు!"

మొదటి రోజు పిల్లి కూతలా వచ్చింది. రెండో రోజు కాస్త నయం. మూడో రోజు మధ్యాహ్నం వాన వెలిసింది, అందరి కిటికీలూ తెరిచి ఉన్నాయి, నా గొంతు ఎక్కడినుంచి ఊడిపడిందో తెలీదు గానీ ఖంగుమంది. గోడ మీద బల్లి పారిపోయింది. మా ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

పావుగంటలో వీధి పెద్ద పర్మాన్‌గారు గుమ్మంలో ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ చేతిలో వేయించిన సోయా గింజల టెంపె ముక్కల పళ్ళెం. గొడవ వినడానికి రాలేదన్నట్టు కనపడటానికి తెచ్చారు.

"క్షేమమేనా సుమిర్తిగారూ?" అన్నాడు, చూపు మాత్రం నా మీద పెట్టి.

"క్షేమమే. రండి, కూర్చోండి."

"కూర్చోడానికేముంది గానీ... ఇంట్లో ఏదన్నా మాట పట్టింపొస్తే పెద్దవాళ్ళం మేమున్నాం. అబ్బాయి ఉద్యోగం ఊగిసలాడుతోందని విన్నాం. కష్టకాలంలో ఎవరికైనా నోరు జారుతుంది. అంతమాత్రాన ఇంటి పెద్దావిడని సామాన్లు వదిలేసి బయటికి పొమ్మనడం..."

నాకు అప్పటికి అర్థమైంది. వీధి మొత్తం విన్నది అదే. కోడలు అత్తని కట్టుబట్టలతో ఇంట్లోంచి గెంటేస్తోంది. దూకి చావమంటోంది. బెల్టు సంగతి విని ఇంకేమనుకున్నారో దేవుడికే ఎరుక.

నేను నోరు తెరిచేలోపు టెంపె పళ్ళెం ఆవిడ అందుకుంది. "బెల్టుతో కొట్టాడామ్మా అబ్బాయి? చెప్పు, భయపడకు."

మా ఆయన గోడకి అతుక్కుపోయాడు. నాకు సిగ్గుతో చచ్చిపోతాననిపించింది. ఆ వీధిలో ముప్పైరెండేళ్ళు మర్యాద నేర్పిన పంతులమ్మ ఇంటికి మర్యాద చెప్పడానికి మనుషులొచ్చారు. అత్తగారి మొహం చూడలేక నేల చూశాను.

ఆవిడ తీరిగ్గా అందరికీ టీ పోసింది. అందరూ ఒక్కో గుక్క తాగేదాకా ఆగింది.

"అది మా ఇంట్లో పాఠం పర్మాన్‌గారూ," అంది, మూడో మెట్టు మాటల్లో. "అమ్మాయి బాగానే చదువుతోంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. చెవులకి ఇబ్బందైతే మన్నించాలి."

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి నా వైపు తిరిగింది. ఇక అయిపోయింది, మానెయ్యమంటుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంటే బాగుండును అనుకున్నాను.

"ఒకటి అడుగుతాను, తెలిసిందే చెప్పు. ఆ పెద్దాయన నిజంగా ప్రయాణికుడై, విమానం నిజంగా కాలుతుంటే, నువ్వు వంగిన మూడు సెకన్లలో ఎవరు పోతారు?"

"వెనక వరసల్లో వాళ్ళమ్మా. పొగ అటునుంచి నిండుతుంది."

"ఎంతమంది?"

"సెకనుకి ఒకరు బయటపడాలని లెక్క."

ఆవిడ బల్ల దగ్గర కూర్చుంది. మూడు వేళ్ళు చూసుకుని, మడిచేసింది. "ముప్పైరెండేళ్ళు పిల్లలకి వంగడం నేర్పాను. ఎప్పుడు వంగకూడదో ఒక్క పాఠం పెట్టలేదు." కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, ఆ కాగితం తే. శిక్షణ లోపమేగా రాయమన్నాడు? రాయి. లోపం నాది. సరిదిద్దుతానని కూడా రాయి," అంది.

"అమ్మా, సర్కారు కాగితంలో అలా ఎలా రాస్తాం?"

"అబద్ధం రాయమన్నారా వాళ్ళు?"

ఏం రాశాడో నాకు చూపించలేదు. ఈసారి మాత్రం ఎర్రసిరా పడలేదు.

ఆ సాయంత్రమే అత్తగారు తన పేము కుర్చీ ఈడ్చుకొచ్చి నడవ మధ్యలో వేసుకుంది. మోకాలి నొప్పి వల్ల ఆవిడ ఎప్పుడూ కాళ్ళు ముందుకి చాపే కూర్చుంటుంది. ఆ కాళ్ళు దాటితేగానీ అటువైపు గోడకి సుద్దతో గీసిన తలుపు అందదు. బడి నాటి చేతిగడియారం విప్పి పట్టుకుంది.

"కానీ."

"పక్కకి జరగండి..." అన్నాను.

"నీ నడుము చూడు."

చూసుకున్నాను. అరుస్తూనే వంగి ఉన్నాను.

"వంగావు. మళ్ళీ మొదటినుంచి."

అలా రోజుకి ఇరవై సార్లు, పాతిక సార్లు. వంగావు, మళ్ళీ మొదటినుంచి. మెడ దించావు, మళ్ళీ. ఇప్పుడు 'దయచేసి' అన్నావు, ఎవరి మీద దయ? మళ్ళీ. మాటల్ని కూడా ఆవిడే కోసేసింది. "మర్యాద మాట ఎప్పుడూ పొడుగే. నిప్పు దగ్గర అంత తీరికుండదు. మొదటి మెట్టు మాటే అను." పదో రోజు నేను ఆవిడ భుజం పట్టి నెట్టాను. కుర్చీ పక్కకి ఒరిగింది. ఆవిడ మోచెయ్యి గోడకి గీరుకుని కందిపోయింది. నేను చచ్చినంత పనై నిలబడిపోయాను.

"ఆగావేం?" అని అరిచింది మా అత్తగారు. ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేను వినడం అదే మొదలు, మా ఆయనా అంతే. "తలుపు ఇంకా తియ్యలేదు నువ్వు! వెనక జనం ఉన్నారు!"

రాత్రి పసుపు, నూనె రాయబోతే రాయనివ్వలేదు. "పరీక్షలో పాసయ్యాక రాద్దువుగాని" అంది.

రెండో పరీక్షనాడు కుండపోత వాన. దార్మాజీగారికి టీ గెందిస్‌తో పంపించాను, నా చేతులతో ఇవ్వలేదు. ఆయన అర్థం చేసుకున్నట్టే ఉంది. విజిల్ పడింది. ఈసారి ఎర్రదీపం కుడివైపు. తిరిగాను. ఆయనే, అదే చోట, అలాగే చేతులు కట్టుకుని. తెల్లజుట్టు కనిపించింది. దాని వెనక పేము కుర్చీ కనిపించింది.

"జరుగు!"

నా భుజం ఆయన ఛాతీకి తగిలింది. కళ్ళజోడు ఎగిరి సీటు కింద పడింది. తలుపు తెరుచుకుని వాన మొహాన కొట్టింది. "బయటికి! సామాన్లు వదిలెయ్! దూకు!" అని ఎవరో అరుస్తున్నారు. అది నేనేనని తెలియడానికి కాసేపు పట్టింది.

దీపాలు వెలిగాయి. ఆయన ఛాతీ రుద్దుకుంటూ కళ్ళజోడు వెతుక్కున్నాడు. అప్పుడు వంగి, ఆ కళ్ళజోడు తీసి రెండు చేతులతో ఇచ్చి, వెయ్యిసార్లు మన్నించమన్నాను.

"ఇప్పుడు వంగచ్చు తల్లీ," అన్నాడాయన. "గడియారం ఆపేశాను. పది సెకన్లు." ఇంకేదో అడగాలా వద్దా అని తటపటాయించి, "ఆ కాగితంలో రాసిన పంతులమ్మగారు ఎవరో గానీ, ఆవిడకి నా నమస్కారం చెప్పు," అన్నాడు.

ఉపవాసాలకి ఆరు రోజుల ముందు అనుమతి పత్రం వచ్చింది. కెప్టెన్ హందోకో దాన్ని షెడ్డులో అందర్నీ పేరుపేరునా పిలిచి చేతికిచ్చాడు, ఏదో కొత్తగా పుట్టిన బిడ్డని చూపించినట్టు. నెల నాళ్ళు మాకు ఒళ్ళు తెలియలేదు. తెల్లవారుజామున వెళ్ళడం, దీవులకి నాలుగు విడతలు తిరగడం, వచ్చి పడుకోవడం. నా నడక వేగం పెరిగింది. కొట్లో బేరాలు త్వరగా తేలిపోతున్నాయి. ఫోనులో నా మాటలు పొట్టిగా అయిపోతున్నాయని మా అమ్మ నొచ్చుకుంది. మా ఆయన రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. నేను పట్టించుకోలేదు. అంతా బాగానే ఉందనుకున్నాను.

పండుగ ముందురోజు పొద్దున్న ఆలస్యమైంది. బయట కంపెనీ జీపు హారన్ కొడుతోంది. అత్తగారు పేము కుర్చీని ముందు వరండాలో వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. బ్యాగు భుజాన వేసుకుని, వెళ్ళొస్తానమ్మా అంటూ ఆవిడ ముందునుంచి నడిచి మెట్లు దిగాను. నాలుగడుగులు వేశాక తట్టింది. నడుము వంచలేదు. చెయ్యి కిందికి చాచలేదు. నిటారుగా, టకటకా, ఆవిడ ఏ గోడో అన్నట్టు దాటిపోయాను. పైగా నాకది తెలియనే లేదు.

వెనక్కి తిరిగాను. ఆవిడ చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుని, కుర్చీ కిందికి ముడుచుకుని ఉంది. దారి ఇవ్వడానికి. ఆ మోకాలు ముడిస్తే ఎంత నొప్పో నాకు తెలుసు.

"వెళ్ళిరండి," అంది.

నన్ను ఏనాడూ 'నువ్వు' తప్ప ఇంకో మాట అనని మనిషి. రెండో మెట్టు మాట, తెలియనివాళ్ళతో మాట్లాడేది. కోపంగా అనలేదు. కొత్తగా వచ్చిన చుట్టంతో అన్నట్టు, మర్యాదగానే అంది. ఆ మాట నా పక్కటెముకల్లో దిగింది.

జీపు మళ్ళీ హారన్ కొట్టింది. నేను బ్యాగు మెట్ల మీద దించాను. వరండా ఎక్కి ఇంట్లోకి వెళ్ళాను. గుమ్మంలోంచి మళ్ళీ బయల్దేరాను. నడుము వంచి, కుడిచెయ్యి కిందికి చాచి, ఒదిగి, "వెయ్యిసార్లు మన్నించండమ్మా" అంటూ ఆవిడ ముందునుంచి నెమ్మదిగా నడిచాను. కళ్ళు మసకబారి ఆవిడ కాళ్ళు ఎక్కడున్నాయో కనపడలేదు.

మెట్టు దగ్గరికి చేరాను. వెనక కుర్చీ కిర్రుమంది. కాళ్ళు మళ్ళీ చాపిన చప్పుడు.

"అదీ ఒక వంగడమేనా?" అంది మా అత్తగారు. "మెడ లేచే ఉంది నీకు. మళ్ళీ మొదటినుంచి."

జీపువాడు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యడం లేదు. నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను.